ఒకే గల్లాపెట్టె, నాలుగు దారులు: షాపు నడిపే ఇంటికి ఏ బీమా, ఏ పొదుపు?

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో పెయింట్లు, హార్డ్‌వేర్ అమ్మే ఒకాయన ఇన్‌కమ్‌టాక్స్ రిటర్న్ వేయించుకోవడానికి వస్తూ చేతిసంచి నిండా కాగితాలు తెచ్చాడు. బోర్లిస్తే ఏడు పాలసీ బాండ్లు. ఒకటి బావమరిది మాట కాదనలేక, ఒకటి కాలేజీలో కలిసి చదివినవాడి టార్గెట్ కోసం, రెండు మార్చి నెలాఖరులో పన్ను తగ్గుతుందంటే, మిగిలినవి పిల్లలు పుట్టినప్పుడు. అన్నిటికీ కలిపి ఏడాదికి 96 వేలు కడుతున్నాడు. ఆయన లేని రోజున ఇంటికొచ్చేది లెక్క కడితే 11 లక్షలు తేలింది. బాకీలు చూస్తే బ్యాంకు సీసీ (సరుకు కోసం వాడుకునే క్యాష్ క్రెడిట్ అప్పు) 15 లక్షలు, సరుకు వేసిన కంపెనీలకు 6 లక్షలు, ఎత్తిన చీటీకి ఇంకా కట్టాల్సిన కిస్తులు 2 లక్షలు.

"పోయే సంగతి ఇప్పుడెందుకులెండి, చివర్లో ఎంతొస్తుందో చెప్పండి" అన్నాడు.

షాపుల లెక్కలు రాసే పనిలో ఈ మాట వారానికి రెండుసార్లు వింటాను. జీతగాడైతే పర్లేదు, ఆఫీసు డబ్బు ఆఫీసుదే, ఇంటి డబ్బు ఇంటిదే. వ్యాపారస్తుడికి గల్లాపెట్టె ఒక్కటే. పొద్దున పిల్లాడి ఫీజు, మధ్యాహ్నం జీఎస్టీ, సాయంత్రం సరుకు బిల్లు అందులోంచే పోతాయి. సొంత పేరు మీద నడిచే షాపుకి చట్టం కూడా యజమానిని, షాపుని వేరుగా చూడదు. షాపు అప్పంటే ఆయన అప్పే. అందుకే మన ఇళ్లకు బీమా, పొదుపు ఎంచుకునే కొలతలు వేరుగా ఉండాలి.

ముందు కొలతలు

నేనైతే ఈ వరుసలోనే అడుగుతాను. వరుస మారితే జవాబూ మారిపోతుంది.

1. మనిషి పోతే అప్పులు తీరి, ఇల్లు పదేళ్లు నడిచేంత వస్తుందా?
2. అప్పులవాళ్లు ఆ డబ్బు మీద చెయ్యి వేయగలరా?
3. సీజన్ దెబ్బతిని ఒక ఏడాది కట్టలేకపోతే ఏమవుతుంది?
4. సరుక్కో, పెళ్లికో మధ్యలో తీసుకోవాలంటే దొరుకుతుందా?
5. అన్నీ అయ్యాక చివర్లో ఎంత?

ఆయన మొదట అడిగింది నా వరుసలో ఐదోది.

నెలకు పదివేలు, అంటే ఏడాదికి 1,20,000 పక్కన పెట్టగలిగే 35 ఏళ్ల మనిషిని లెక్కకు తీసుకుందాం. మన ఊళ్లలో అతని ముందుకొచ్చే దారులు నాలుగు: టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బొచ్చే బీమా) తీసుకుని మిగతాది పీపీఎఫ్‌లో (ప్రభుత్వ పొదుపు ఖాతా) వేయడం, ఎండోమెంట్ లేదా మనీబ్యాక్ పాలసీ (బీమా, పొదుపు కలిసినవి), యులిప్ (కట్టినదాంట్లో కొంత మార్కెట్లో పెట్టే బీమా), చీటీ.

| కొలత | టర్మ్ + పీపీఎఫ్ | ఎండోమెంట్ | యులిప్ | చీటీ |
|---|---|---|---|---|
| మనిషి పోతే | కోటి దాకా, పైగా పీపీఎఫ్ నిల్వ | 20–25 లక్షలు, బోనస్ | సాధారణంగా ప్రీమియంకు పదింతలు, లేదా ఫండ్ విలువ | బీమా లేదు, ఎత్తేసి ఉంటే మిగిలిన కిస్తులు ఇంటి మీద పడతాయి |
| అప్పులవాళ్ల నుంచి రక్షణ | మొదట్లోనే భార్యాపిల్లల పేర రాయిస్తే బాగా ఉంది (కింద ఎమ్‌డబ్ల్యూపీ చూడండి) | మొదట్లోనే రాయిస్తే ఉంది | మొదట్లోనే రాయిస్తే ఉంది | లేదు |
| ఒక ఏడాది కట్టకపోతే | పీపీఎఫ్‌కు 500 చాలు, టర్మ్ మాత్రం కట్టి తీరాలి | ల్యాప్స్ (పాలసీ ఆగిపోయే) భయం | ఛార్జీలు పోతూనే ఉంటాయి | ఇబ్బంది, వడ్డీ, జామీనుదారుల మీద ఒత్తిడి |
| మధ్యలో డబ్బు | ఏడో ఏడు నుంచి కొంత | పాలసీ లోన్ | ఐదేళ్లు ముట్టుకోలేరు | పాట పాడితే వెంటనే |
| చివర్లో | 7.1 శాతం, పన్ను లేదు | 5–6 శాతం చుట్టూ | మార్కెట్టు దయ | ఎప్పుడు ఎత్తారన్నదాన్ని బట్టి |

టర్మ్ + పీపీఎఫ్

"టర్మ్ దండగండీ, బతికుంటే పైసా రాదు" అంటారు. షాపుకి కట్టే ఫైర్ ఇన్సూరెన్స్ కూడా అంతే. షాపు కాలలేదే అని ఎవరూ బాధపడరు.

లెక్క చూద్దాం. 35 ఏళ్ల, పొగ తాగని మనిషికి కోటి రూపాయల టర్మ్ ఏడాదికి పదిహేను నుంచి ఇరవై వేల మధ్య దొరకాలి. 20 వేలే అనుకుందాం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి, అంతకుముందు టర్మ్ మీద పడిన 18 శాతం కూడా ఇప్పుడు లేదు. మిగిలిన లక్ష పీపీఎఫ్‌లో వేస్తే, ఇప్పుడున్న 7.1 శాతమే కొనసాగిందనుకుంటే, 15 ఏళ్లకు 27 లక్షలు దాటుతుంది. ఇంకో ఐదేళ్లు పొడిగించి కడుతూ పోతే 20 ఏళ్లకు 44 లక్షల పైచిలుకు.

అదే 1,20,000 మొత్తం 20 ఏళ్ల ఎండోమెంట్‌లో పోసి, అది ఐదున్నర శాతం ఇచ్చిందనుకున్నా చేతికొచ్చేది 44 లక్షలే. రెండు దారులూ చివరికి ఒకచోటే కలుస్తున్నాయి. తేడా ఏమిటంటే మొదటి దారిలో ఆ ఇరవై ఏళ్లూ కోటి రూపాయల కవచం ఉంది, రెండో దారిలో పాతిక లక్షలకు అటూఇటూ.

ఇందులో ఒక చిక్కు ఉంది, దాని గురించి ఏజెంట్లు ఆఖరున చెబుతారు. టర్మ్ కవర్ ఎంత ఇవ్వాలన్నది మీరు చూపించిన ఆదాయాన్ని బట్టి ఉంటుంది. జీతగాడు పేస్లిప్ చూపిస్తాడు. షాపువాళ్లని రెండు మూడేళ్ల ఐటీఆర్‌లు అడుగుతారు. 60 లక్షల టర్నోవర్ ఉన్నాయన, అంతా యూపీఐలోనే వస్తోందని టర్నోవర్‌లో ఇంత శాతం లాభమని చూపే 44ఏడీ పద్ధతి కింద ఆరు శాతం చూపిస్తే ఆదాయం 3,60,000. కవర్‌ను దానికి ఇన్నింతలని లెక్కేస్తారు. వయసు పెరిగేకొద్దీ ఆ ఇంతలు తగ్గుతాయి. ముప్ఫై ఏళ్లవాడికి కోటికి దగ్గరగా ఇచ్చే కంపెనీ నలభై అయిదేళ్ల మనిషికి అదే ఆదాయం మీద అందులో సగమూ ఇవ్వకపోవచ్చు. నాలుగు వేలు పన్ను మిగులుతుందని ఏళ్ల తరబడి ఆదాయం తక్కువ చూపించినవాళ్లు ఇక్కడ ఇరుక్కుంటారు. కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల దాకా మామూలు ఆదాయానికి పన్నే పడని రోజుల్లో, నిజంగా వచ్చిందే చూపిస్తే పోయేదేముంది?

పన్ను మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కొత్త పద్ధతిలో 80సీ (పాలసీలు, పొదుపుల మీద పన్ను తగ్గింపు) లేదు. "ట్యాక్స్ బెనిఫిట్ ఉందండీ" అని ఎవరైనా పాలసీ అంటగడుతుంటే మీరు ఏ పద్ధతిలో ఉన్నారో ముందు చూసుకోండి. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు జీతగాళ్లలా ఏటా అటూ ఇటూ దూకలేరు. ఒకసారి పాతదానికి వెళ్లి కొత్తదానికి తిరిగొస్తే ఆ అవకాశం అయిపోయినట్టే.

ఎమ్‌డబ్ల్యూపీ అనే ఒక టిక్కు

నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం (మ్యారీడ్ విమెన్స్ ప్రాపర్టీ యాక్ట్, పొట్టిగా ఎమ్‌డబ్ల్యూపీ) ఇంకా అమల్లో ఉంది. దాని ఆరో సెక్షన్ ప్రకారం పెళ్లయిన మగవాడు భార్య, పిల్లల కోసమని తన ప్రాణం మీద పాలసీ తీసుకుంటే, అది వాళ్ల కోసం పెట్టిన ట్రస్టు కింద లెక్క. అప్పులవాళ్లు దాన్ని జప్తు చేయించలేరు. ఆయన ఆస్తిలో అది భాగమే కాదు.

ప్రపోజల్ ఫారంతో పాటు ఒక పేజీ ఉంటుంది, ఆన్‌లైన్‌లో అయితే ఒక టిక్కు. అదనంగా పైసా ఖర్చు లేదు. భార్యకెంత, పిల్లలకెంత అని రాయొచ్చు, ట్రస్టీని పెట్టొచ్చు. షరతులు మాత్రం గట్టివి. పాలసీ తీసుకునేటప్పుడే చెయ్యాలి, పాతవాటికి తర్వాత తగిలించడం కుదరదు. రాసిన పేర్లు తర్వాత మార్చలేరు. ఆ పాలసీ మీద మీ అవసరానికి లోన్ తీసుకోలేరు. అప్పులవాళ్లను ముంచడానికే తీసుకున్నారని రుజువైతే, ఆ పాలసీ డబ్బులోంచి వాళ్లు బాకీ రాబట్టుకోవచ్చు. కాబట్టి షాపు బాగా నడుస్తున్నప్పుడే చేసుకోవాలి, దివాలా అంచున కాదు.

ఇంకో మెలిక. బ్యాంకు లోన్‌కు భార్య చేత కూడా జామీను సంతకం పెట్టించి ఉంటే ఆవిడ కూడా బాకీదారే. బీమా డబ్బు ఆవిడ చేతికి వచ్చాక ఆ బాకీ ఆవిడని వదలదు. లోన్ పేపర్ల మీద భార్య సంతకం ఎందుకు అడుగుతున్నారని మేనేజర్ని నిలదీయాల్సింది అక్కడే.

పీపీఎఫ్‌కీ ఇలాంటి రక్షణే ఉంది. మామూలు అప్పులకు కోర్టు డిక్రీ తెచ్చుకున్నా ఆ ఖాతాను జప్తు చేయలేరు.

ఎండోమెంట్, మనీబ్యాక్

వీటిని చెత్త అని కొట్టిపారేసేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించను. చేతిలో డబ్బుంటే సరుక్కో, స్థలానికో పెట్టేసే మనిషికి ఏటా బలవంతంగా కట్టించే పాలసీ ఒక కట్టుగొయ్య. ఏటీఎం కార్డు భార్యకిచ్చి తిరిగి అడుక్కునే మనుషులు మనకు తెలియనివాళ్లు కాదు. అలాంటివాళ్లకు ఐదున్నర శాతమైనా నికరంగా మిగిలే డబ్బే. పాలసీ మీద లోన్ వస్తుంది, అది కూడా జామీనుదారులు లేకుండా. సంక్రాంతి ముందు సరుక్కి చాలామంది ఇదే వాడతారు.

నష్టం మధ్యలో మానేసినవాళ్లకు. 2024 అక్టోబరు 1 నుంచి వచ్చిన నిబంధనలతో, ఒక పూర్తి ఏడాది ప్రీమియం కడితే చాలు, సరెండర్ చేస్తే (గడువుకు ముందే పాలసీ వెనక్కిచ్చేస్తే) ఎంతో కొంత ఇవ్వాల్సిందే. అంతకుముందు రెండేళ్లు కట్టాలి. అయినా తొలి ఏళ్లలో మానేస్తే కట్టినదాంట్లో పెద్ద ముక్క పోతుంది. పత్తి, మిర్చి సీజన్ మీద ఆధారపడిన ఎరువుల షాపు లాంటివాళ్లు పెద్ద ప్రీమియం పెట్టుకోకూడదు. బాండ్ ఇంటికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కిచ్చేయొచ్చు. ఆ నెల బాండ్ బీరువాలో పెట్టకుండా చదవండి.

యులిప్ సంగతి రెండు ముక్కలు. ఐదేళ్లు తాళం, ఏడాదికి 1,20,000 కడితే కవర్ 12 లక్షలు. మార్కెట్లో పెట్టాలనుంటే మ్యూచువల్ ఫండ్లో వేరుగా పెట్టుకుని, బీమా వేరుగా తీసుకోవచ్చు. షాపు నడిపే ఇంటికి దీన్ని ఎంచుకోవాల్సిన కారణం నాకైతే కనబడలేదు.

చీటీ

చీటీ లేకుండా మన వ్యాపారం లేదు. దాన్ని పొదుపు అనుకుంటేనే తప్పు.

50 మంది, నెలకు పదివేలు, 5 లక్షల చీటీ. మొదట్లో ఒకాయన అవసరం కొద్దీ లక్షన్నర తగ్గించి పాడాడనుకోండి. చేతికి మూడున్నర లక్షలు. తగ్గిన లక్షన్నరలో కంపెనీ కమిషన్ ఐదు శాతం కింద 25 వేలు పోగా, 1,25,000 యాభై మందికీ పంచితే తలా 2,500. ఆ నెల అందరూ కట్టేది 7,500. నెలలు గడిచేకొద్దీ పాట పలచబడి కట్టేది పదివేలకు చేరుతుంది. సగటున 8,750 అనుకుంటే మొత్తం కట్టేది 4,37,500.

మొదట్లో ఎత్తినాయనకు అది వడ్డీ కింద తిప్పితే ఏడాదికి 11 శాతం చుట్టూ పడుతుంది. బజారులో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే 24 శాతం. కాబట్టి సరుకు కోసం, షాపు అడ్వాన్సు కోసం చీటీ ఎత్తడం తెలివైన పనే. ఆఖరి దాకా ఆగి 4,75,000 తీసుకున్నాయనకు మిగిలింది 37,500, ఏడాదికి నాలుగు శాతం చుట్టూ. "ఎత్తకుండా ఉంచుకున్నాను, లాభం" అని మురిసేవాళ్లు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోవాలి.

1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద ప్రతి చీటీకీ ముందు రిజిస్ట్రార్ అనుమతి ఉండాలి, చీటీ మొత్తానికి సరిపడా సెక్యూరిటీ కంపెనీ జమ చెయ్యాలి. కమిషన్ ఏడు శాతం మించకూడదు, 2019 సవరణకు ముందు ఐదే. వీధిలో తెలిసినావిడ పుస్తకం మీద నడిపే చీటీకి ఇవేవీ ఉండవు. అక్కడ మీకున్న హామీ ఆవిడ ముఖమే. రిజిస్టరైన చోట ఎత్తాలంటే ఉద్యోగస్తుల జామీనులు అడుగుతారు. ముగ్గురు టీచర్లను వెతుక్కోవడం ఎంత ప్రయాసో ఎత్తినవాళ్లకు తెలుసు. ఎత్తిన మనిషి పోతే ఆ కిస్తులకు నోటీసులు వెళ్లేది ఆ టీచర్ల ఇళ్లకే. చీటీ ఎత్తిన రోజే అంత మొత్తానికి టర్మ్ ఉందా అని చూసుకోవడం కనీస మర్యాద.

ఎవరికి ఏది

తోపుడుబండి, టిఫిన్ బండి, రోజు లెక్క సంపాదన: ముందు బ్యాంకు ఖాతాలో ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి, సురక్షా బీమా రెండూ ఆన్ చేయించండి. ఏడాదికి 436, 20, మొత్తం 456 రూపాయలు. మామూలు మరణానికి 2 లక్షలు, ప్రమాదమైతే నాలుగు. జీవన్‌జ్యోతిలో 50 ఏళ్లలోపే చేరాలి. ప్రీమియం మే నెలాఖరులో కట్ అవుతుంది, ఆ వారం ఖాతాలో ఐదొందలు ఉంచాలి. చాలామందికి పోయేది అక్కడే.

భర్త ఉద్యోగం, భార్య ఇంటి దగ్గర టైలరింగో, బొటిక్కో: ఇద్దరికీ వేరువేరు టర్మ్. కూతురు పదేళ్లలోపుదైతే పీపీఎఫ్ కన్నా ముందు సుకన్య (ఆడపిల్లల పేరు మీద ప్రభుత్వ పొదుపు ఖాతా), 8.2 శాతం.

సీసీ లిమిట్ ఉన్న షాపు: అప్పులన్నీ కలిపి, దానికి పదేళ్ల ఇంటి ఖర్చు చేర్చి, ఆ మొత్తానికి ఎమ్‌డబ్ల్యూపీ కింద టర్మ్. మిగిలితే పీపీఎఫ్. చీటీ షాపు అవసరానికే.

ఇద్దరు కలిసి నడిపే ఫర్మ్: ఒకరు పోతే, డీడ్‌లో వేరేలా రాసుకుంటే తప్ప, 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం ఫర్మ్ రద్దయిపోతుంది. పోయినాయన వాటా ఆ ఇంటికి ఇవ్వడానికి రెండో ఆయన షాపు అమ్ముకోవాలా? ఒకరి మీద ఒకరు పాలసీ తీసుకుని, ఆ డబ్బుతో వాటా కొనేలా డీడ్‌లో రాసుకుంటే రెండిళ్లూ కోర్టుకెక్కవు.

షాపుకి, ఒంటికి

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఇన్సూరెన్స్ ఉందనుకున్నవాళ్లలో కొందరికి లేదని తేలింది. నాకు తెలిసిన ఒక షాపుకి బ్యాంకే పాలసీ తీయించింది, ప్రీమియం ఏటా సీసీలోంచే కట్ అయింది. పాలసీ మీద అడ్రసు మాత్రం నాలుగేళ్ల కిందట ఖాళీ చేసిన గోడౌన్‌ది. మునిగిన షాపు ఆ కాగితంలో లేదు.

పాలసీలో రెండు చోట్ల వేలు పెట్టి చూడండి: అడ్రసు, సరుకు విలువ. 20 లక్షల సరుకుంటే 10 లక్షలకే బీమా ఉందనుకోండి. 4 లక్షల నష్టానికి నాలుగూ రావు, రెండే వస్తాయి. చిన్న వ్యాపారాలకు 2021 నుంచి ఉన్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షా పాలసీలో వరద, తుఫాను, అగ్ని కలిసే ఉంటాయి, 15 శాతం దాకా తక్కువ చూపినా క్షమిస్తారు. మామూలు దొంగతనానికి వేరే పాలసీ కావాలి.

ఆరోగ్య బీమాలో కంపెనీ పేరు కన్నా గది అద్దె పరిమితి ముందు చూడాలి. పరిమితి రోజుకు 5 వేలు, మీరు తీసుకున్న గది 10 వేలు అయితే, గది అద్దె ఒక్కటే తగ్గదు, డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఛార్జీలు కూడా సగానికి తెగుతాయి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వేచి ఉండాల్సింది ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లు. అమ్మానాన్నలను పిల్లల ఫ్లోటర్‌లో (ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకునే ఒకే పాలసీ) కలపొద్దు, పెద్దాయన వయసుని బట్టి అందరి ప్రీమియం పెరుగుతుంది. 70 దాటినవాళ్లకు ఆయుష్మాన్ కింద ఆదాయంతో పని లేకుండా 5 లక్షలు ఉంది, ముందు ఆ కార్డు చేయించండి.

ఆ పెయింట్ల షాపాయన బాండ్ల సంగతి. మూడేళ్లలో అయిపోయే రెండిటినీ కొనసాగించాం. నాలుగు పెయిడప్ చేశాం, అంటే ఇక కట్టరు, కట్టినంత మేరకు గడువుకి వస్తుంది. బావమరిది పాలసీ అలాగే ఉంచాడు, అది ఇంటి రాజకీయం, నేను మాట్లాడలేదు. టర్మ్‌కు రక్తపరీక్ష చేస్తే షుగర్ బయటపడింది. దాచి పెడదామా అని అడిగాడు. మూడేళ్లు దాటాక పాలసీని కంపెనీ ఏ కారణంతోనూ ప్రశ్నించలేదన్నది నిజమే, కానీ ఆ మూడేళ్లలోపు ఏమైనా జరిగితే భార్య చేతికి కట్టిన డబ్బే వచ్చినా గొప్ప అన్నాను. ఉన్నదున్నట్టు రాశాడు, ప్రీమియం ఆరు వేలు ఎక్కువ పడింది. ఫారంలో ఎమ్‌డబ్ల్యూపీ పేజీ నింపుతుంటే పక్కన కూర్చున్న ఆవిడ అడిగిందొక్కటే: "ఈ కాగితం సంచిలో పెట్టరు కదా?"